మోకాలి కీలు: ఎముకలు, బంధనాలు, కండరాలు

మనిషి దేహంలో అన్నిటికన్నా పెద్ద కీలు మోకాలు. తొడ ఎముక కింది కొస, కాలి పెద్ద ఎముకైన అంతర్జంఘిక పై కొస, ముందువైపు మోకాలి చిప్ప కలిసేచోటు ఇది. నడక, పరుగు, మెట్లెక్కడం, మఠం వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం, గుంజీళ్లు తీయడం అన్నీ దీని మీదుగానే సాగుతాయి. అయితే ఎముకల పొందిక మాత్రం ఇంత పనికి తగినట్టు ఉండదు. తుంటిలో తొడ ఎముక తల లోతైన గిన్నెలో దిగి కూర్చుంటుంది. మోచేతిలో ఎముకలు ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుంటాయి. మోకాలిలోనైతే రెండు గుండ్రటి బుడిపెలు దాదాపు చదునైన పీట మీద నిలబడతాయి. కండా నారా ఒలిచేసి వట్టి ఎముకలను ఒకదాని మీద ఒకటి పెడితే క్షణం నిలవవు. మోకాలి నిలకడంతా ఎముకల చుట్టూ అల్లుకున్న బంధనాలదీ, వాటిని బిగించి పట్టే కండరాలదీ.

కీళ్లలో దీని తరగతి

కదిలినా కదలకపోయినా, రెండు ఎముకలు కలిసే ప్రతి చోటూ కీలే. పెద్దవాళ్ల పుర్రెలో పలకలు రంపపు పళ్లలా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని బిగిసిపోతాయి. అవి కదలని కీళ్లు. వెన్నుపూసల మధ్య మృదులాస్థి బిళ్లలు ఉంటాయి కాబట్టి అక్కడ కదలిక కొద్దిగానే సాధ్యం. చేతుల్లో కాళ్లలో ధారాళంగా కదిలే కీళ్లన్నీ వేరే రకం. ఎముకల కొసల మధ్య సన్నటి ఖాళీ, ఆ ఖాళీలో జిగట ద్రవం, చుట్టూ సంచిలాంటి పొర ఉండే వీటిని సైనోవియల్ కీళ్లంటారు. భుజంలో, తుంటిలో ఉన్నవి బంతి గిన్నె కీళ్లు. మెడలో మొదటి రెండు పూసల మధ్యది బొంగరపు కీలు. మోచేయి మడతబందు కీలు, అంటే తలుపు బందులాగా ఒకే దారిలో తెరుచుకుని మూసుకునేది. బడి పుస్తకాలు మోకాలిని మోచేతి పక్కనే ఈ తరగతిలో చేరుస్తాయి.

ఇలా చేర్చడం ఇవాళ్టిది కాదు. సుశ్రుత సంహిత శారీరస్థానం దేహంలో 210 సంధులను లెక్కగట్టి ఎనిమిది రకాలుగా విడదీసింది. ఆ పేర్లు చాలావరకు ఇంట్లో వస్తువుల నుంచీ చేతిపనుల నుంచీ వచ్చినవే. చంక, గజ్జల్లోని సంధులకు రోలు పేరు మీద ఉలూఖలం, పుర్రె అతుకులకు గుడ్డ కుట్టు పేరు మీద తున్నసేవని, దవడ సంధికి కాకిముక్కు పేరు మీద వాయసతుండం అని పెట్టింది. మోకాలిని వేళ్లు, మణికట్టు, మోచేయితో కలిపి మడిచే కీళ్ల వర్గమైన కోరలో వేసింది. పోలికలతో చేసిన ఆ విభజనకూ నేటి పాఠ్యపుస్తకానికీ మధ్య దూరం అనుకున్నంత ఉండదు.

అయితే మోకాలు మడతబందు అనడం సగమే నిజం. కుర్చీలో కూర్చుని తొడను కదలకుండా చేత్తో అదిమిపట్టి పాదాన్ని కుడికీ ఎడమకీ తిప్పితే, మోకాలి కింది భాగం తన ఇరుసు మీద సుమారు 40 డిగ్రీలు తిరుగుతుంది. కాలు పూర్తిగా చాచి అదే పని చేయబోతే మోకాలు తిరగదు, తుంటి దగ్గర నుంచి కాలు మొత్తం తిరుగుతుంది. మడిస్తే తిరిగేది, చాస్తే బిగిసేది ఈ కీలు. ఈ రెండు గుణాలూ ఒక్కచోట ఎలా కుదిరాయన్నదే మోకాలి నిర్మాణంలో అసలు విషయం.

ఎముకలు, వాటి పూత

తొడ ఎముక కింది కొస రెండు బుడిపెలుగా చీలి ఉంటుంది. లోపలివైపు బుడిపె బయటిదానికన్నా కొంచెం పొడవు. ఈ చిన్న తేడాయే కాలు చాచినప్పుడు మోకాలికి తాళం పడటానికి ఒక కారణం. వీటికి ఎదురుగా అంతర్జంఘిక పైభాగం రెండు పళ్లాల్లా ఉంటుంది. లోపలి పళ్లెం కాస్త గుంట, బయటిది కాస్త ఉబ్బు. బయటివైపు ఉబ్బు మీద ఉబ్బు నిలవాలి, అంటే గోళీ మీద గోళీ పెట్టినట్టు. కాలిలోని రెండో ఎముక బహిర్జంఘిక పక్కనే ఉన్నా మోకాలి కీలులోకి రాదు, శరీర బరువు పెద్దగా మోయదు. కొన్ని బంధనాలకూ కండరాలకూ కొయ్యలా మాత్రం పనికొస్తుంది.

మోకాలి చిప్ప విచిత్రమైన ఎముక. ఇది మరే ఎముకకూ నేరుగా అతకదు. తొడ ముందు కండరాన్ని ఎముకకు కట్టే టెండాన్ లోపల పొదిగి ఉంటుంది. టెండాన్‌లో పుట్టే ఇలాంటి ఎముకల్లో ఇదే పెద్దది. పుట్టిన బిడ్డకు మోకాలి చిప్ప ఎముకగా ఉండదు, మృదులాస్థిగా ఉంటుంది. మూడో ఏటి నుంచి ఆరో ఏటి లోపు అందులో ఎముక మొదలవుతుంది. తొడ ఎముక కింది కొసలో మాత్రం ఎముక కేంద్రం నెలలు నిండే సమయానికే కనిపిస్తుంది. అందుకే శిశువు నెలలు నిండి పుట్టిందా లేదా తేల్చడానికి న్యాయవైద్యులు ఈ చోటును చూస్తారు. తొడ ఎముక పొడవులో పెరిగేదాంట్లో దాదాపు 70 శాతం ఈ మోకాలి కొస నుంచే పెరుగుతుంది. చిన్నపిల్లలకు ఇక్కడ విరిగితే కాలు పొట్టిదైపోతుందేమోనని వైద్యులు జాగ్రత్తపడటం ఇందుకే.

మూడు ఎముకల కొసలకూ మృదులాస్థి పూత ఉంటుంది. కోడికాలు ముక్క తినేవాళ్లకు ఎముక కొసన మెరిసే తెల్లటి నున్నటి పొర తెలుసు, ఇదీ అదే. వాడుకలో దీన్ని గుజ్జు అంటారు, మోకాళ్ల నొప్పులకు గుజ్జు అరిగిందంటారు. ఆ మాట కాస్త దారి తప్పిస్తుంది. ఇది గుజ్జులా మెత్తగా కదిలేది కాదు, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందంతో ఎముకకు గట్టిగా అతికి ఉన్న పూత. చిప్ప వెనక అయిదు మిల్లీమీటర్లు దాటుతుంది. దేహంలో ఇంత మందం మృదులాస్థి పూత మరో కీలులో ఉండదు. దీని బరువులో మూడింట రెండు వంతులకు పైగా నీరే. ఆ నీటిని కొల్లాజెన్ నారల వల, దానిలో చిక్కుకున్న చక్కెర–ప్రొటీన్ అణువులు పట్టి ఉంచుతాయి. బరువు పడినప్పుడు నీరు బయటికి ఊరుతుంది, బరువు తీసినప్పుడు తిరిగి లోపలికి పీలుస్తుంది.

మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. ఆహారం ఈ ఊరడం పీల్చడం వల్లే, కీలులోని ద్రవం నుంచే అందుతుంది. అంటే మోకాలు కదలకపోతే దాని పూతకు తిండి ఉండదు. నరాలు లేకపోవడం వల్ల అరుగుదల మొదట్లో తెలియదు. నొప్పి వచ్చేది అరుగుదల కింది ఎముక దాకా చేరినప్పుడో, చుట్టూ ఉన్న పొర వాచినప్పుడో. రక్తం చేరదు కాబట్టి ఒకసారి పోయిన పూత మళ్లీ అదే నాణ్యతతో రాదు.

కీలులోని ద్రవానికి సైనోవియా అని పేరుపెట్టినవాడు పదహారో శతాబ్దపు వైద్యుడు పారసెల్సస్. చూడటానికి కోడిగుడ్డు తెల్లసొనలా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలో ఇది ఒక చెంచా కూడా ఉండదు. మోకాలిలో నీరు చేరిందని వైద్యుడు సిరంజితో తీసేది ఈ ద్రవమే, వాపు వల్ల పది ఇరవై రెట్లు పెరిగినది. ద్రవాన్ని ఊరించే పొర చిప్పకు పైన తొడలోకి నాలుగు వేళ్ల మేర సంచిలా సాగి ఉంటుంది. మోకాలు వాస్తే ముందుగా ఉబ్బేది ఆ చోటే.

నెలవంకలు

గుండ్రటి బుడిపెలకూ చదునైన పళ్లాలకూ మధ్య పొసగని చోటును నింపేవి రెండు మెనిస్కస్‌లు. పైనుంచి చూస్తే నెలవంకల్లా ఉంటాయి. లోపలిది విప్పారిన వంక, బయటిది దాదాపు పూర్తి వలయం. అంచున మందంగా, మధ్యకు వచ్చేసరికి కత్తి వాదరలా పలచగా ఉండి పళ్లెంలో చుట్టకుదురు పెట్టినట్టు కూర్చుంటాయి. కుండ దొర్లకుండా చుట్టకుదురు చేసే పనే ఇవి తొడ ఎముకకు చేస్తాయి. చాచిన మోకాలి మీద పడే భారంలో దాదాపు సగం వీటి గుండానే దిగుతుంది. మోకాలు మడిచినకొద్దీ ఆ వాటా పెరుగుతుంది.

వైద్యశాస్త్రం వీటి విలువ ఆలస్యంగా గుర్తించింది. 1887లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ బ్లాండ్ సటన్ ఇవి ఎప్పటివో కండరాల మిగులు ముక్కలని, వీటికి పనేమీ లేదని తేల్చేశాడు. ఆ మాట చాలాకాలం చెల్లింది. మెనిస్కస్ చిరిగితే మొత్తం కోసి తీసేయడం దశాబ్దాల పాటు మామూలు ఆపరేషన్. 1948లో వైద్యుడు ఫెయిర్‌బ్యాంక్ అలా తీసేసిన మోకాళ్ల ఎక్స్‌రేలు పరిశీలించి, కీలు సందు సన్నబడటం, ఎముక అంచులు పెరగడం, బుడిపె చదునవడం చూపించాడు. పని లేదన్నదాన్ని తీసేస్తే ఎముకే అరుగుతోందని అలా బయటపడింది. ఇప్పుడు చిరిగినదాన్ని వీలైనంతవరకు కుట్టి నిలబెడుతున్నారు. అయితే వెలుపలి అంచుకే రక్తం అందుతుంది, లోపలి అంచుకు అందదు. వెలుపలి అంచున చిరిగితే అతుకుతుంది, మధ్యలో చిరిగితే అతకడం కష్టం.

లోపలి మెనిస్కస్ పక్కనున్న బంధనానికి అతుక్కుని కదల్లేకుండా ఉంటుంది. బయటిదానికి ఆ కట్టు లేదు, కాలు తిరిగినప్పుడు తానూ జరుగుతుంది. లోపలిది తరచుగా చిరగడానికి ఈ స్వేచ్ఛ లేకపోవడమే కారణం.

లిగమెంట్లు

ఎముకను ఎముకతో కట్టేది సంధిబంధనం, వాడుకలో లిగమెంట్. కండరాన్ని ఎముకకు కట్టేది స్నాయుబంధనం, అంటే టెండాన్. మోకాలికి నాలుగు ప్రధాన లిగమెంట్లున్నాయి. లోపలి పక్కన వెడల్పాటి పట్టీ, బయటి పక్కన పెన్సిలంత తాడు మోకాలు పక్కలకు విచ్చుకోకుండా ఆపుతాయి. మిగతా రెండూ కీలు నట్టనడుమ గుణకారం గుర్తులా ఒకదాన్నొకటి దాటుతాయి. వాటిని క్రూషియేట్ లిగమెంట్లంటారు, అంటే అడ్డంగా దాటేవి. ముందుది అంతర్జంఘిక ముందుకు జారకుండా, వెనకది వెనక్కి జారకుండా పట్టి ఉంచుతాయి. వెనకది బలమైనది. ముందుది సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొడవు. క్రీడా వార్తల్లో ఏసీఎల్ అని వచ్చేది ఇదే.

ఏసీఎల్ తెగడానికి చాలాసార్లు ఎదుటివాడి తాకిడి అక్కర్లేదు. పరుగులో ఉన్నవాడు పాదం ఆనించి ఒంటిని ఒక్కసారిగా పక్కకు తిప్పినా, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలినా చాలు. కబడ్డీ కోర్టులో, ఫుట్‌బాల్ మైదానంలో టప్‌మని చప్పుడు వినిపించిందని ఆటగాళ్లు చెబుతారు. లిగమెంట్‌లో ఉన్న రక్తనాళం కూడా తెగుతుంది కాబట్టి కొద్ది గంటల్లోనే మోకాలు రక్తంతో ఉబ్బుతుంది. కీలు ద్రవంలో తేలే తెగిన కొసలు మళ్లీ కలుసుకోవు. శస్త్రవైద్యులు తొడ వెనక కండరాల టెండాన్‌నో, చిప్ప కింది టెండాన్‌లో ముక్కనో తీసి కొత్త తాడుగా వేస్తారు.

ఇంత శోధించిన కీలులో కొత్తగా కనుక్కోవాల్సింది మిగలదనిపిస్తుంది. అయినా 2013లో బెల్జియంలోని లూవెన్ శస్త్రవైద్యులు మోకాలి ముందు–బయటి మూలలో ఒక లిగమెంట్‌ను విడిగా గుర్తించి వర్ణించారు. తాము పరిశీలించిన 41 మోకాళ్లలో 40 మోకాళ్లకు అది ఉందన్నారు. పత్రికలు కొత్త అవయవం దొరికిందన్నంత హడావిడి చేశాయి. నిజానికి పాల్ సెగాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1879లోనే ఆ చోట ముత్యంలా మెరిసే నార పట్టీ ఉందని రాసిపెట్టాడు.

కండరాలు

దేహంలో ఎముకలను కదిలించే కండరాలు 600కు పైగా ఉన్నాయి. శరీర బరువులో దాదాపు 40 శాతం వాటిదే. ఏ కండరమైనా లాగగలదే తప్ప తోయలేదు. అందుకే ప్రతి కదలికకూ రెండు వైపులా కండరాలుండాలి. ఒకటి లాగుతుంటే ఎదుటిది సడలాలి. మోకాలిని చాచేవి తొడ ముందు, మడిచేవి తొడ వెనక ఉంటాయి.

చాచే పని ఒక్క గుంపుదే. నాలుగు తలలున్న ఆ కండరాన్ని క్వాడ్రిసెప్స్ అంటారు. మూడు తలలు తొడ ఎముక నుంచే పుడతాయి. నాలుగోది కటి ఎముక నుంచి బయల్దేరి తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటి వస్తుంది కాబట్టి బంతిని తన్నేటప్పుడు రెండు కీళ్ల మీదా పనిచేస్తుంది. నాలుగూ ఒకే టెండాన్‌గా కలిసి, చిప్పను తమలో పొదువుకుని, అంతర్జంఘిక ముందున్న గడ్డకు అతుక్కుంటాయి. మోకాలి కింద ముందువైపు వేలితో తడిమితే తగిలే ఆ గడ్డ ఇదే. చిప్ప బావి గిలకలాంటిది. టెండాన్‌ను ఇరుసు నుంచి దూరంగా ఎత్తిపట్టి అదే లాగుడుకు ఎక్కువ పట్టు ఇస్తుంది. ముక్కలైన చిప్పను తీసేయాల్సి వచ్చినవాళ్లకు కాలు చాచే బలం బాగా తగ్గిపోవడానికి కారణం ఇదే.

తొడ ఎముక తుంటి నుంచి మోకాలికి ఏటవాలుగా లోపలికి దిగుతుంది. అందువల్ల క్వాడ్రిసెప్స్ బిగిసిన ప్రతిసారీ చిప్ప బయటివైపుకు లాగబడుతుంది. దానికి ఎదురు లాగేవి లోపలి తల కింది పోగులు, మోకాలికి పైన లోపలివైపు నీటిబొట్టులా ఉబ్బి కనిపించేవి. అవి సన్నగిల్లితే చిప్ప గాడి తప్పుతుంది. చిప్ప తొలిగినా దాదాపు ఎప్పుడూ బయటికే తొలుగుతుంది.

చిప్ప కింద సుత్తితో మెల్లగా తడితే కాలు ఎగరడం అందరికీ తెలిసిన పరీక్ష. ఎర్బ్, వెస్ట్‌ఫాల్ అనే ఇద్దరు జర్మన్ వైద్యులు విడివిడిగా గమనించి 1875లో ఒకే పత్రిక ఒకే సంచికలో దీన్ని ప్రకటించారు. కండరం సాగిన కబురు వెన్నుపాముకు వెళ్లి, మెదడును అడగకుండానే ఒక్క మజిలీతో కండరానికి ఆజ్ఞగా తిరిగొస్తుంది. మోకాలి మీద చేసే పరీక్షే అయినా ఇది మోకాలిని పరీక్షించదు, నడుం దగ్గరి వెన్నునరాలను పరీక్షిస్తుంది.

తొడ వెనక మూడు కండరాలను కలిపి హ్యామ్‌స్ట్రింగ్స్ అంటారు. కూర్చున్నప్పుడు పీటకు ఆనే పిరుదు ఎముక నుంచి పుట్టి, రెండు లోపలివైపుకు, ఒకటి బయటివైపుకు దిగుతాయి. మోకాలు మడిచి వెనక తడిమితే రెండు పక్కలా తాళ్లలా తగిలేవి వీటి టెండాన్లే. మోకాలు మడవడంతోపాటు, మడిచిన మోకాలిని అటూ ఇటూ తిప్పేవీ ఇవే. అంతర్జంఘికను వెనక్కి లాగుతాయి కాబట్టి ఏసీఎల్‌కు తోడు నిలుస్తాయి. లిగమెంట్ తెగినవాళ్లకు ఫిజియోథెరపీలో వీటిని గట్టిపరచడం మీద అంత పట్టు పట్టేది అందుకే.

మోకాలి లోపలి పక్కన మూడు టెండాన్లు విసనకర్రలా విచ్చుకుని ఒకేచోట అతుకుతాయి. ఆ ఆకారం వల్ల శరీరశాస్త్రజ్ఞులు దానికి బాతు పాదమని లాటిన్‌లో పేరుపెట్టారు. వాటిలో ఒకటైన సార్టోరియస్ దేహంలో అతి పొడవైన కండరం. తుంటి ముందు నుంచి తొడకు అడ్డంగా చుట్టుకుంటూ దిగుతుంది. పేరుకు అర్థం దర్జీవాడిదని. మఠం వేసుకుని కూర్చుని కుట్టే భంగిమలోకి కాలిని తెచ్చేది ఇదేనని అలా పిలిచారు.

మోకాలి వెనక లోతుగా దాగిన పాప్లిటియస్ చిన్న కండరమే గానీ, చేసే పని చిన్నది కాదు. కాలు పూర్తిగా చాచేటప్పుడు చివరి 20, 30 డిగ్రీల్లో అంతర్జంఘిక కొద్దిగా బయటికి తిరిగి మరమేకు బిగిసినట్టు బిగుస్తుంది. అక్కడ లిగమెంట్లన్నీ బిర్రుగా అవుతాయి, బరువు గీత కీలు ఇరుసుకు ముందుగా పడుతుంది, తొడ కండరానికి విశ్రాంతి దొరుకుతుంది. నిటారుగా నిలబడి తొడ సడలించి చిప్పను చేత్తో అటూ ఇటూ కదిపితే కదులుతుంది; నిలబెడుతున్నది కండరం కాదని దాంతో తెలుస్తుంది. వరుసలో ముందు నిలబడ్డవాడి మోకాలి వెనక తోటి పిల్లాడు తన మోకాలితో పొడిస్తే వాడు కూలబడేది ఈ తాళం ఊడిపోవడం వల్లే, కండరాలు అందుకునే లోపే. మామూలుగా కూర్చోబోయేటప్పుడు ఈ తాళం తీసేది పాప్లిటియస్. పాదం నేలకు ఆని ఉండగా తొడ ఎముకను కొద్దిగా బయటికి తిప్పి మడతకు దారి ఇస్తుంది.

పిక్కలో పైకి కనిపించే కండరం గ్యాస్ట్రోక్నీమియస్. తొడ ఎముక వెనక రెండు తలలతో పుట్టి, మోకాలిని దాటి మడమకు చేరుతుంది. దాని కిందున్న సోలియస్ మోకాలిని దాటదు. పిక్క బలం ఎవరిదో విడదీసి చూడాలంటే మోకాలు మడిచి ఒకసారి, చాచి ఒకసారి పరీక్షిస్తారు. వీటి మధ్యనే ప్లాంటారిస్ ఉంటుంది, వేలెడంత కండ, కాలి పొడవునా సాగే దారంలాంటి టెండాన్. కొందరికి అసలే ఉండదు, లేకపోయినా లోటు తెలియదు. శవచ్ఛేదన బల్ల దగ్గర మొదటి ఏడాది వైద్య విద్యార్థులు దీన్ని నరమని పొరబడటం రివాజు.

గ్యాస్ట్రోక్నీమియస్ బయటి తలలో కొందరికి ఫాబెల్లా అనే చిక్కుడు గింజంత ఎముక ఉంటుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు పాత రికార్డులన్నీ జల్లెడపట్టి 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం 1918లో సుమారు 11 శాతం మోకాళ్లలో ఉన్న ఈ ఎముక 2018 నాటికి 39 శాతంలో కనిపిస్తోంది. తిండి మెరుగై జనం పొడవూ బరువూ పెరగడంతో మోకాలి వెనక లాగుడు పెరిగి ఉంటుందని వారి ఊహ.

కండరాల నరాల గురించి ఒక్క సంగతి ఇక్కడే చెప్పాలి. ఒక కీలును కదిలించే కండరాలకు వెళ్లే నరాలే ఆ కీలుకూ కొమ్మలు ఇస్తాయని శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ పంతొమ్మిదో శతాబ్దంలో సూత్రీకరించాడు. తుంటికీ మోకాలికీ ఉమ్మడి నరాలుండటం వల్ల తుంటి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడుతుంది. మోకాలు నొప్పని వచ్చిన పిల్లవాడికి తుంటి కూడా చూడటం మంచి వైద్యుడి అలవాటు.

కండరం లోపల

కండరాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే పోగులో పోగు, ఆ పోగులో మరింత సన్నని పోగు కనిపిస్తాయి. చివరకు మిల్లీమీటరులో దాదాపు నాలుగు వందో వంతు పొడవుండే సార్కోమియర్లు వరుసగా ఉంటాయి. ఒక్కోదానిలో మందపు మయోసిన్ తీగలు, సన్నపు ఆక్టిన్ తీగలు దువ్వెన పళ్లలా ఒకదాని మధ్యకు ఒకటి చొచ్చుకుని ఉంటాయి. కండరం కుంచించుకుపోయినప్పుడు తీగలు పొట్టివి కావు, ఒకదాని మీదుగా ఒకటి జారతాయి. 1954లో ఆండ్రూ హక్స్‌లీ, నీడెర్గెర్కె జంటగా, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ జంటగా నేచర్ పత్రిక ఒకే సంచికలో ఈ సంగతిని వెల్లడించారు. హక్స్‌లీలిద్దరూ బంధువులు కారు.

ఆ జారుడుకు శక్తి ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబులో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు పెద్ద భాగముంది. 1923లో అమెరికా చేరిన ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలోని ఫాస్ఫరస్‌ను కొలవడం మొదలుపెట్టాడు. 1927లో ఇద్దరూ ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఆ పదార్థం ఉనికిని పట్టుకున్నారు. 1929లో ఫిస్క్, సుబ్బారావు కండరం నుంచి శక్తినిచ్చే అణువైన ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడు విడిగా అదే పని చేశాడు. అప్పటిదాకా కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమని నమ్మకం. 1922 నోబెల్ బహుమతి పొందిన హిల్, మేయర్హాఫ్‌ల పని కూడా దాని చుట్టూనే తిరిగింది. ఆ బొమ్మ మారిపోయింది.

కండరంలో నిలవ ఉన్న ఏటీపీ గట్టి శ్రమలో రెండు మూడు సెకన్లకు మించి రాదు. ఆ తర్వాత కొద్ది సెకన్ల పాటు ఫాస్ఫోక్రియాటిన్ దాన్ని మళ్లీ నింపుతుంది, వంద మీటర్ల పరుగు దాదాపుగా ఈ నిలవ మీదే గడుస్తుంది. మయోసిన్ తన పట్టు వదలడానికి కూడా ఏటీపీయే కావాలి. ప్రాణం పోయాక దేహం కొయ్యబారేది అది అడుగంటడం వల్లే.

బరువులు, కూర్చునే తీరు

చదునైన నేల మీద నడుస్తున్నప్పుడు మోకాలి మీద పడేది ఒంటి బరువు ఒక్కటే కాదు. నిలకడ కోసం కండరాలు బిగించే బిగువు కూడా కీలు మీదే పడుతుంది కాబట్టి లెక్క రెండు మూడు రెట్లకు చేరుతుంది. మెట్లు దిగేటప్పుడు ఇంకా ఎక్కువ. గొంతుక్కూర్చుని లేచేటప్పుడు చిప్పకూ తొడ ఎముకకూ మధ్య ఒత్తిడి ఒంటి బరువుకు ఏడు రెట్ల దాకా పోతుంది. అందుకే చిప్ప అరిగినవాళ్లకు నడక కన్నా మెట్లూ, భారతీయ పద్ధతి మరుగుదొడ్డీ ఎక్కువ బాధ పెడతాయి.

కండరాలతో మోకాలు 135, 140 డిగ్రీల దాకా ముడుచుకుంటుంది. మడమ పిరుదుకు తగిలేలా గొంతుక్కూర్చుంటే ఒంటి బరువే దాన్ని 160కి దగ్గరగా తెస్తుంది. చిన్నప్పటి నుంచి అలా కూర్చునేవాళ్ల ఎముకలపై గుర్తులు కూడా పడతాయి. లాహోర్ వైద్య కళాశాలలో పనిచేసిన హావ్‌లాక్ చార్ల్స్ 1893లో పంజాబీల కాలి ఎముకల మీద, చీలమండ దగ్గర అంతర్జంఘిక ముందు అంచున నున్నటి అదనపు ముఖాలను వర్ణించి, కుర్చీ ఎరగని కూర్చునే అలవాటుకు వాటిని ముడిపెట్టాడు. పురాతన అస్థిపంజరాలు బయటపడినప్పుడు వాళ్లెలా కూర్చునేవారో చెప్పడానికి పురావస్తు శాస్త్రజ్ఞులు నేటికీ ఈ గుర్తుల కోసం చూస్తారు.

అరుగుదల, వంకర, మార్పిడి

వయసుతో వచ్చే అరుగుదలలో మృదులాస్థి మొదట పెళుసై, పోగులుగా లేచి, చివరికి ఎముక బయటపడుతుంది. ఎక్కువగా లోపలి పక్కే ముందు అరుగుతుంది. అందుకే ముసలితనంలో కాళ్లు విల్లులా బయటికి వంగుతాయి. స్థూలకాయం, పాత మెనిస్కస్ గాయం, వంశ లక్షణం దీన్ని త్వరపెడతాయి. రుమటాయిడ్ జబ్బు వేరే దారిలో వస్తుంది. దేహపు రక్షణ వ్యవస్థే సైనోవియల్ పొర మీద తిరగబడి రెండు మోకాళ్లనూ, వేళ్ల కీళ్లనూ కలిపి వాపెక్కిస్తుంది. చిప్ప ముందు ద్రవపు సంచి వాస్తే, మోకాళ్ల మీద వంగి నేల తుడిచే పనివాళ్ల జబ్బుగా దానికి పేరు. మోకాలి వెనక ఉబ్బే తిత్తిని 1877లో వర్ణించిన బేకర్ పేరుతోనే పిలుస్తారు.

తెలుగు నేలకు సంబంధించిన మోకాలి వంకర ఒకటుంది. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎముకలకు జరిగే హానిని మన దేశంలో 1937లో మొదటగా నమోదు చేసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. లిగమెంట్లు, టెండాన్లు అతికే చోట్లు ఎముకగా గట్టిపడి కీళ్లు బిగుసుకుపోవడం అక్కడ చూశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఆంధ్రప్రదేశ్ ఫ్లోరైడ్ గ్రామాల్లో మరో రూపాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా లోపలికి వంగి, పాదాలు ఎడంగా పోవడం ఆ రూపం. లిగమెంట్ తప్పు ఇందులో లేదు, పెరిగే కొసే వంకరగా పెరుగుతోంది. నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టి తీసే పద్ధతికి ఆ బాధ ఎక్కువగా ఉన్న జిల్లా పేరుతోనే నల్గొండ పద్ధతని పేరు వచ్చింది.

పూత పూర్తిగా పోయిన మోకాలికి మార్పిడి చేస్తారు. వాడుకలో మోకాలి చిప్ప మార్చారంటారు గానీ, నిజానికి మార్చేది చిప్పను కాదు. తొడ ఎముక కొసను, అంతర్జంఘిక తలను పలచగా చెక్కి, పైన కోబాల్ట్–క్రోమియం లోహపు తొడుగు, కింద లోహపు పళ్లెం, వాటి మధ్య పాలిథిలీన్ బిళ్ల బిగిస్తారు. చిప్ప వెనక భాగానికి మాత్రం కొందరు శస్త్రవైద్యులు ప్లాస్టిక్ బిళ్ల వేస్తారు, కొందరు వదిలేస్తారు. ఇందుకు రూపమిచ్చిన తొలి నమూనాల్లో ఒకటి న్యూయార్క్‌లో ఇన్సాల్ బృందం 1974లో వాడకానికి తెచ్చింది. మెనిస్కస్‌లు, ఏసీఎల్ సాధారణంగా తీసివేతలో పోతాయి. పక్క లిగమెంట్లను మాత్రం చాలా జాగ్రత్తగా కాపాడి, రెండువైపులా బిగువు సమంగా వచ్చేదాకా సరిచేస్తారు. లోహం ఎంత మంచిదైనా పక్కలు వదులుగా ఉంటే ఆ మోకాలు నిలవదు. ఆపరేషన్ అయిన మర్నాడే రోగి చేత మోకాలి కింద చుట్టిన తువాలు పెట్టించి, దాన్ని కాలితో అదిమి పట్టమని ఫిజియోథెరపిస్టు చెబుతారు. అప్పుడు బిగుసుకునేది క్వాడ్రిసెప్స్.